ఊరికి పూల పంచాంగం రాసిన పరదేశి: ఉద్యాన శిల్పి క్రుంబిగల్ జీవితం

మన సరిహద్దు పల్లెలలో బెంగుళూరు ముఖం చూడని కుటుంబం అరుదు. హోసూరు, కృష్ణగిరి వైపు నుండి కూరగాయలో పూలో అమ్మబోయినవారు కొందరు. కోలారు, బళ్ళారి ప్రాంతాల నుండి చదువుకో, వైద్యానికో, కొలువుకో వెళ్ళినవారు మరికొందరు. అలా వెళ్ళినవారు వీలు చూసుకొని పిల్లలకు లాల్‌బాగ్ చూపించి తీసుకువస్తారు. జనవరిలో గణతంత్ర దినోత్సవ వేళ, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవ వేళ అక్కడి గాజుమందిరంలో జరిగే పూల ప్రదర్శనకు జనం బారులు తీరుతారు. ఆ తోటకు సమీపంలోనే ఒక వీధికి క్రుంబిగల్ రోడ్డు అని పేరు. బస్సు దిగి ఆ ఫలకం చదివినవారు ఎందరో ఉన్నారు గాని, ఆ పేరు గల మనిషి ఎవరో ఎరిగినవారు కొద్దిమందే.

గుస్తావ్ హెర్మన్ క్రుంబిగల్ జర్మనీ దేశస్థుడు. ఊరి తోటలను, చెట్లను, ప్రజలు సేదదీరే మైదానాలను చూసుకోవడమే ఆయన వృత్తి. ఇది రాజ్యాలు గెలిచే పని వంటిది కాదు, పేరుప్రతిష్ఠలు తెచ్చే పని అంతకంటె కాదు. చెట్టు బాగా ఎదిగితే జనం చెట్టును మెచ్చుకుంటారు, నాటినవానిని తలచరు. చెట్టు ఎండితే మాత్రం తోట అధికారిని తప్పుపడతారు. అటువంటి ఉద్యోగంలో ఇరవై నాలుగేళ్ళు గడిపి, ఒక నగరానికి దాని రూపాన్ని ఇచ్చి, చివరకు అదే నగరపు మట్టిలో కలిసిపోయిన ఆ పరదేశి కథ మనవంటి వలస కుటుంబాలకు తెలియదగినది.

బాల్యము, విద్య

క్రుంబిగల్ 1865వ సంవత్సరం డిసెంబరు 18వ తేదీన జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, డ్రెస్డెన్ నగరానికి చేరువలో ఉన్న లోమెన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. అప్పటికి జర్మనీ ఒకే దేశంగా ఏర్పడలేదు. సాక్సనీ ఒక చిన్న రాజ్యం. ఆ రాజులు డ్రెస్డెన్ పక్కన పిల్నిట్జ్ అనే చోట నదీతీరాన చక్కని రాజోద్యానాన్ని పెంచుకున్నారు. యువకుడైన క్రుంబిగల్ ఆ పిల్నిట్జ్‌లోనే తోట పనిలో శిక్షణ పొందారు.

ఆ రోజులలో తోట పని నేర్చుకోవడమంటే పుస్తకం ముందు కూర్చోవడం మాత్రమే కాదు. మట్టి తవ్వాలి, ఎరువు కలపాలి, అంటు కట్టాలి, గాజు ఇండ్లలో వేడిని కాపాడాలి. దానితోపాటు గీతలు గీయడం, కొలతలు వేయడం, పూల రంగులను ఒకదాని పక్కన ఒకటి పొందికగా అమర్చడం నేర్వాలి. క్రుంబిగల్ ఈ రెంటిలోను ఆరితేరారు. 1884లో ష్వెరిన్ నగరంలో ఉద్యాన రూపకల్పన పనిలో చేరారు. పిమ్మట హాంబర్గ్ నగరంలో పూలపాన్పుల రూపకర్తగా పనిచేశారు. 1888లో ఇంగ్లండు చేరి, లండన్‌లోని హైడ్ పార్కులో పూలపాన్పులను తీర్చిదిద్దారు.

ఆ తరువాత ఆయనకు క్యూ ఉద్యానంలో స్థానం లభించింది. ప్రపంచం నలుమూలల మొక్కలను ఒకచోట చేర్చి పెంచి, పరిశీలించి, తిరిగి నలుమూలలకు పంపే మహాసంస్థ అది. ఆనాటి వలస దేశాలలోని తోటలకు పర్యవేక్షకులు చాలావరకు అక్కడ తయారైనవారే. ఒక మొక్కను చూడగానే దాని పుట్టుక ఏ నేల, దానికి ఎంత నీరు కావాలి, ఏ ఋతువులో పూస్తుంది, మనిషికి దాని వలన ప్రయోజనమేమిటి అని ఆలోచించే అలవాటు క్రుంబిగల్‌కు అక్కడ స్థిరపడింది.

బరోడా కొలువు

1893లో బరోడా మహారాజు మూడవ సయాజీరావు గైక్వాడ్ పిలుపు మేరకు క్రుంబిగల్ భారతదేశానికి వచ్చారు. అప్పుడు ఆయన వయస్సు ఇరవై ఏడు. సయాజీరావు విద్యావ్యాప్తికి, గ్రంథాలయాలకు, సంఘసంస్కరణకు పేరుగాంచిన పాలకుడు. ఆ సంస్థానపు ఉద్యానాల బాధ్యతను ఈ యువకుని చేతిలో పెట్టారు.

ఇక్కడ ఆయన చదువు మళ్ళీ మొదలైందని చెప్పాలి. మంచు కురిసే దేశంలో నేర్చిన పాఠాలు నిప్పులు చెరిగే ఎండలో పనికిరావు. ఐరోపాలో పూలు పూసే కాలం ఏడాదిలో కొద్ది నెలలే, తక్కిన కాలమంతా మోడులే. మన దేశంలో ఏదో ఒక చెట్టు ఎప్పుడూ పూస్తూనే ఉంటుంది. అయితే వాన కురిసేది కొద్ది నెలలే. మూడు మాసాల నీటితో పన్నెండు మాసాల పచ్చదనాన్ని నిలబెట్టాలి. పదిహేనేళ్ళపాటు క్రుంబిగల్ ఈ విద్యను అభ్యసించారు. నలభై రెండేళ్ళ వయస్సులో ఆయనకు మైసూరు సంస్థానం నుండి పిలుపు వచ్చింది.

1908 నాటి బెంగుళూరు

ఇప్పటి బెంగుళూరును మనసులో పెట్టుకొని అప్పటి బెంగుళూరును ఊహించలేము. పేట, దండు అని ఆ ఊరు రెండు ముక్కలుగా ఉండేది. పేట మైసూరు మహారాజు పాలనలోనిది. దండు బ్రిటిషువారి సైనిక స్థావరం. రెండూ కలిపినా 1911 జనాభా లెక్కల నాటికి రెండు లక్షల మంది లేరు. ఈ రెండింటి మధ్య, సరిహద్దువలె, 1870లో ఏర్పడిన కబ్బన్ పార్కు పరుచుకొని ఉండేది.

పేట వీధులు ఇరుకు. 1898లో ప్లేగు వ్యాపించి వేలమందిని పొట్టన పెట్టుకుంది. గాలి, వెలుతురు లేని ఇండ్లలో జనం కిక్కిరిసి ఉంటే రోగం ఎంత వేగంగా పాకుతుందో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. ఆ భయంలో నుండే బసవనగుడి, మల్లేశ్వరం అనే కొత్త పేటలు విశాలమైన వీధులతో, ఖాళీ స్థలాలతో వెలిశాయి. చెట్టునీడ, ఆటస్థలం, నడవడానికి చోటు అనేవి కలవారి వేడుకలు కావని, బీదవారి ప్రాణరక్షణకు అవసరమని ఊరు గుర్తించిన కాలమది. సరిగ్గా ఆ కాలంలోనే క్రుంబిగల్ వచ్చారు.

లాల్‌బాగ్ అప్పటికే పాత తోట. 1760లో హైదర్ అలీ దానిని ప్రారంభించగా, టిప్పు సుల్తాన్ దూరదేశాల నుండి మొక్కలు తెప్పించి పెంచారు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. 1889లో గాజుమందిరానికి శంకుస్థాపన జరిగింది. క్రుంబిగల్‌కు ముందు పర్యవేక్షకుడుగా ఉన్న జాన్ కామెరాన్ ముప్పై ఏళ్ళకు పైగా ఆ తోటను పెంచి పోషించారు. మనం కూర వండుకునే బెంగుళూరు వంకాయను ఆ ప్రాంతానికి పరిచయం చేసిన ఘనత కామెరాన్‌కే దక్కుతుంది. ఎక్కడో అమెరికా ఖండపు తీగ ఒక తోట అధికారి చేతి మీదుగా మన వంటింట్లోకి వచ్చి, ఊరి పేరుతో స్థిరపడిపోయింది. తోటల వలన జరిగే మేలు ఎంత దూరం ప్రయాణిస్తుందో చెప్పడానికి ఈ ఒక్క కూరగాయ చాలు.

నాలుగవ కృష్ణరాజ ఒడెయరు 1908లో క్రుంబిగల్‌ను లాల్‌బాగ్‌కు రప్పించి, కామెరాన్ విడిచిన బాధ్యతలను అప్పగించారు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు మొదలైన ప్రభుత్వ ఉద్యానాలన్నీ ఆయన అధీనంలోకి వచ్చాయి.

తోటయే పాఠశాల

ఈ ఉద్యోగానికి రెండు ముఖాలు ఉన్నాయి. మొదటిది రైతుకు సంబంధించినది. ఏ పంట ఈ నేలకు సరిపోతుంది, ఏ పండుచెట్టు ఇక్కడ కాస్తుంది, పశువులకు ఏ గడ్డి మేలు అని పరీక్షించి చెప్పడం ఉద్యానశాఖ విధి. క్రుంబిగల్ ఇతర దేశాల తోటలతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, విత్తనాలకు బదులుగా విత్తనాలు, మొక్కలకు బదులుగా మొక్కలు తెప్పించారు. ఆయన ప్రవేశపెట్టిన వాటిలో పశువుల మేతగా పేరుపొందిన రోడ్స్ గడ్డి ఒకటి. కొత్త మొక్క రాగానే దానిని ఊరిమీదికి వదిలేవారు కారు. ముందు తోటలో పెంచి, ఎండకు, వానకు తట్టుకుంటుందో లేదో గమనించి, ఆపైన పంచిపెట్టడం ఇటువంటి తోటల పద్ధతి.

రెండవ ముఖం పౌరులకు సంబంధించినది. సాయంకాలం కుటుంబంతో వచ్చి కూర్చోవడానికి పచ్చిక, పిల్లలు పరుగెత్తడానికి చోటు, వృద్ధులు నడవడానికి నీడగల బాట కావాలి. కబ్బన్ పార్కులోని ఎనిమిది పలకల వాద్యమంటపంలో సంగీతం మ్రోగుతుండగా జనం చుట్టూ చేరి వినేవారు. మేడలు, తోటలు లేని సామాన్యునికి ఇవే మేడలు, ఇవే తోటలు.

పార్కు అధికారులలో చాలామంది ఇంతటితో ఆగిపోతారు. గేటు తెరవడం, మూయడం, పూలు కోయవద్దని బోర్డు పెట్టడం, దానితో పని తీరిందనుకుంటారు. క్రుంబిగల్ మరొక అడుగు ముందుకు వేశారు. తోటను ప్రభుత్వం ఒక్కటే కాపాడలేదని, ఊరివారికి మొక్కల మీద మమకారం కలిగినప్పుడే అది నిలుస్తుందని ఆయన చేసిన పనులను బట్టి మనకు అర్థమవుతుంది. 1912లో ఆయన కృషితో మైసూరు ఉద్యాన సంఘం ఏర్పడింది. ఇంటి పెరటిలో పది కుండీలు పెట్టుకున్న గృహిణి మొదలు పెద్ద తోటల యజమాని వరకు ఒకచోట చేరి, తాము పెంచిన పూలను, పండ్లను, కూరగాయలను నలుగురికీ చూపే వేదిక అది. నేటికీ లాల్‌బాగ్ పూల ప్రదర్శనను ఉద్యానశాఖతో కలిసి నిర్వహించేది ఆ సంఘమే. ఒక అధికారి వేసిన విత్తనం నూరేళ్ళు దాటిన తరువాత కూడా పూయడమంటే ఇదే.

పూల పంచాంగం

క్రుంబిగల్ పేరు చెప్పగానే తెలిసినవారు మొదట తలచుకునేది వీధి చెట్ల సంగతి. ఆయన ఆలోచన వినడానికి చాలా తేలిక. ఒక వీధిలో ఒకే జాతి చెట్లను వరుసగా నాటాలి. పక్క వీధిలో వేరే ఋతువులో పూసే జాతిని నాటాలి. అలా ఊరంతా పంచుకుంటూ పోతే, ఏడాదిలో ఏ నెలలో చూసినా ఊరిలో ఏదో ఒక వీధి పూలతో నిండి ఉంటుంది. ఒక వీధి పూలు రాలేసరికి మరొక వీధి పూలు విచ్చుకుంటాయి.

మాఘ ఫాల్గుణ మాసాలలో జకరండా నీలిపూలు ఆకులు లేని కొమ్మల మీద మబ్బులవలె కమ్ముకుంటాయి. ఉగాది దాటగానే కానుగ చెట్లు లేతాకు తొడిగి, తెల్లని చిరుపూలను నేలమీద పరుస్తాయి. ఎండలు ముదిరేసరికి తురాయి ఎర్రగా మండుతుంది, రేల చెట్టు పసుపు గుత్తులను వ్రేలాడదీస్తుంది. వానలు పడ్డాక స్పాథోడియా కొమ్మల చివర ఎర్రని దివ్వెలు వెలుగుతాయి. శరత్కాలంలో ఆకాశమల్లె రాత్రివేళ పూసి, తెల్లవారేసరికి బాటనిండా రాలి సువాసనలీనుతుంది. పల్లెలో పెరిగినవారికి ఈ లెక్క కొత్తది కాదు. మోదుగ పూసిందంటే హోళీ వచ్చిందని, వేపపూత కనబడిందంటే ఉగాది దగ్గరపడిందని మన పెద్దలు క్యాలెండరు చూడకుండానే చెప్పేవారు. క్రుంబిగల్ ఆ పంచాంగాన్ని ఒక నగరపు వీధుల మీద రాయబూనారు.

అయితే తేలికగా వినబడే ఈ ఆలోచనను ఆచరణలో పెట్టడానికి ఎంత ఓర్పు కావాలో తోట వేసినవారికి తెలుసు. ముందుగా నారుమడిలో వేలాది మొక్కలను పెంచాలి. మనిషెత్తు ఎదిగే వరకు వాటిని కనిపెట్టుకొని ఉండాలి. వీధి ప్రక్క లోతైన గుంతలు తీసి, మట్టి మార్చి, ఎరువు వేసి నాటాలి. పశువులు మేయకుండా చుట్టూ కంచె కట్టాలి. రెండు మూడు వేసవులు బండ్లతో నీరు మోయించాలి. ఇంతా చేసిన పిమ్మట ఆ చెట్టు నిండుగా పూసేసరికి నాటిన అధికారి పదవిలో ఉంటాడో లేదో తెలియదు. తాను చూడబోని పూల కోసం ఈనాడు గుంత తవ్వించగలవాడే ఈ ఉద్యోగానికి తగినవాడు.

క్రుంబిగల్ వేసిన బాటలో తరువాతివారు నడిచారు. నేడు బెంగుళూరు వీధులను గులాబీ రంగుతో నింపే టబేబుయా చెట్లలో చాలావరకు 1980వ దశకంలో అటవీ అధికారి ఎస్.జి. నేగినహాళ్ నాయకత్వంలో నాటినవని చెబుతారు. నాటిన చేతులు వేరైనా ఊరంతా ఋతువు ప్రకారం పూయాలన్న తలంపు మాత్రం పాతదే.

మట్టి పట్టిన చేతులు

ఒక తోట చరిత్ర రాసేటప్పుడు అధికారి పేరు రాసి, కూలి పేరు వదిలివేయడం మన అలవాటు. అది న్యాయం కాదు. బెంగుళూరు తోటల వెనుక తరతరాల తోటమాలుల శ్రమ ఉంది. ముఖ్యంగా ఏటా కరగ ఉత్సవాన్ని జరిపే తిగళ సముదాయంవారు ఆ ప్రాంతంలో పూలు, పండ్లు, కూరగాయల సాగుకు ప్రసిద్ధులు. ఎంత గొప్ప పటం గీసినా, తెల్లవారుజామున నీరు పెట్టే మనిషి లేకపోతే ఆ పటం కాగితం మీదనే మిగిలిపోతుంది.

క్రుంబిగల్ ఈ దేశపు యువకులకు పని నేర్పి పైకి తెచ్చారు. 1932లో ఆయన పదవీ విరమణ చేసినప్పుడు ఆ పీఠం మీద కూర్చున్నది మరొక తెల్లదొర కాదు, హెచ్.సి. జవరాయ అనే మైసూరు బిడ్డ. ఆ తరువాతి కాలంలో ఎం.హెచ్. మరిగౌడ అదే బాధ్యతను స్వీకరించి, తోటల పెంపకాన్ని కర్ణాటక పల్లెపల్లెకు చేర్చారు. తాను వెళ్ళిపోయిన తరువాత పని ఆగకుండా చూడడమే మంచి అధికారికి గీటురాయి. ఆ పరీక్షలో క్రుంబిగల్ నెగ్గారు.

ఆనకట్ట క్రింద బృందావనం

మైసూరుకు సమీపంలో కావేరి మీద కృష్ణరాజసాగర నిర్మాణం 1911లో మొదలైంది. దాని వెనుక ఉన్న మహామేధావి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులది ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామమని, వారి కుటుంబం మైసూరు సీమకు వలస వచ్చి ముద్దెనహళ్ళిలో స్థిరపడిందని మన పాఠకులకు తెలిసినదే. ఒక తెలుగు వలస కుటుంబపు బిడ్డ కట్టించిన ఆనకట్ట క్రింద ఒక జర్మన్ వలసదారు తోట వేయడం ఆ కాలపు విశేషం.

1926లో దివానైన సర్ మీర్జా ఇస్మాయిల్‌కు తోటలంటే మహాప్రీతి. కాశ్మీరులోని మొగలాయి ఉద్యానాలవలె నీరు మెట్లు మెట్లుగా దిగే తోటను ఆనకట్ట క్రింద నిర్మించాలని ఆయన తలపోశారు. ఆ తలంపుకు రూపమిచ్చినవారిలో క్రుంబిగల్ ప్రముఖులు. 1932 నాటికి బృందావన ఉద్యానం సిద్ధమైంది. జలయంత్రాల మీద రంగురంగుల దీపాలు వెలిగే ఆ దృశ్యాన్ని మన తాతముత్తాతలు బళ్ళు కట్టుకొని, రైళ్ళెక్కి వెళ్ళి చూశారు. తరువాతి రోజులలో ఎన్నో తెలుగు, కన్నడ, తమిళ చలనచిత్రాల పాటలకు అది రంగస్థలమైంది. బృందావనాన్ని వెండితెర మీద చూసి ముచ్చటపడిన మనవారిలో దాని రూపకర్తలలో ఒకరి పేరు తెలిసినవారు ఎందరు?

మీర్జా, క్రుంబిగల్ కలిసి పనిచేసిన ఆ సంవత్సరాలలో తోటలే గాక కట్టడాల విషయంలోను, వీధుల తీరు విషయంలోను క్రుంబిగల్ సలహా ప్రభుత్వానికి అవసరమయ్యేది. పదవీ విరమణ తరువాత కూడా ఆయనను సలహాదారుగా సంప్రదిస్తూనే ఉన్నారు.

శత్రుదేశస్థుడు

1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. బ్రిటిషు ప్రభుత్వం దృష్టిలో భారతదేశంలో ఉన్న ప్రతి జర్మనీ దేశస్థుడు శత్రువే. క్రుంబిగల్‌కు అప్పటికి డెబ్బై మూడేళ్ళు దాటాయి. ఆయన ఈ దేశంలో అడుగుపెట్టి నలభై ఆరేళ్ళు. అయినా చట్టానికి ఈ లెక్కలు పట్టలేదు. ఆ వృద్ధుని నిర్బంధ శిబిరంలో ఉంచారు.

ఆయన చేతులతో పట్టినది కత్తెర, పార తప్ప ఆయుధం కాదు. ఆయన నాటించిన చెట్ల నీడన సైనికులు, సామాన్యులు, తెల్లవారు, నల్లవారు అందరూ నడిచారు. చెట్టు ఎవరినీ ఏ దేశపువాడవని అడగలేదు. రాజ్యం మాత్రం చెట్టు నాటినవానిని అడిగింది. పుట్టిన చోటు ఒక్కటే మనిషి గుర్తింపు అనుకునే చూపు ఎంత ఇరుకైనదో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

యుద్ధం ముగిసింది, దేశం స్వతంత్రమైంది. బ్రిటిషువారు ఓడలెక్కి వెళ్ళిపోయారు. వారు శత్రువని ముద్రవేసిన మనిషి మాత్రం ఇక్కడే ఉండిపోయారు. 1956 ఫిబ్రవరి 8వ తేదీన, తొంభై ఏళ్ళ వయస్సులో, క్రుంబిగల్ బెంగుళూరులోనే కన్నుమూశారు. హోసూరు రోడ్డులోని క్రైస్తవ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. మన హోసూరు బస్సులు నగరంలోకి ప్రవేశించేది ఆ దారినే.

గీతలు, వేళ్ళు

ఆయన మరణించిన తొమ్మిది నెలలకు, 1956 నవంబరు 1వ తేదీన, భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డాయి. అంతకు మూడేళ్ళ ముందు, 1953లోనే, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరులో చేరింది. హోసూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. పటం మీద గీసిన గీతల వలన మన ఊళ్ళు కదలకుండానే సరిహద్దు ఊళ్ళయ్యాయి. ఇంట ఒక భాష, బడిలో మరొక భాష, కచేరీలో ఇంకొక భాషగా మన బ్రతుకులు సాగుతున్నాయి. మీరు ఎక్కడివారు అనే ప్రశ్న మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకనాడు విన్నదే.

ఆ ప్రశ్నకు క్రుంబిగల్ జీవితంలో ఒక సమాధానం ఉన్నది. ఒక నేలమీద పుట్టడం మన చేతిలో లేదు; ఒక నేలకు మేలు చేయడం మన చేతిలో ఉన్నది. బరోడాలో గుజరాతీ వారి నడుమ, బెంగుళూరులో కన్నడిగుల, తెలుగువారి, తమిళుల నడుమ నివసించిన ఆ జర్మన్ తనది కాని ఊరిని తనదిగా చేసుకున్నది హక్కులు అడిగి కాదు, చెట్లు పెంచి. శత్రువని నిర్బంధించిన ప్రభుత్వం పోయింది. ఆయన పేరు వీధికి నిలిచింది.

పేర్లూ శాశ్వతం కావు. లాల్‌బాగ్‌లో ఆయన పేరుతో ఉన్న పాత ఉపన్యాస మందిరం ఏళ్ళ తరబడి శిథిలావస్థలో ఉండి, 2017లో వానలకు కూలిపోయింది. బెంగుళూరు వీధుల విస్తరణలో నిండు వృక్షాలు ఎన్నో నేలకూలాయి. 2009లో మెట్రో రైలు పనుల కోసం లాల్‌బాగ్ ప్రహరీ వద్ద చెట్లు నరికినప్పుడు పౌరులు వీధికెక్కి అడ్డుచెప్పారు. కొన్ని చెట్లు పోయాయి. కాని అడ్డుచెప్పేవారు పుట్టారన్న సంగతి చిన్నది కాదు. తోటను ప్రేమించే పౌరులను తయారుచేయడం కూడా తోట అధికారి పనియే అని నూరేళ్ళ క్రితం సంఘం స్థాపించినవారి ముందుచూపు అక్కడ ఫలించింది.

మన ఊళ్ళ మాట

మన చిన్న పట్టణాలలో, మేజరు పంచాయతీలలో కూడా పార్కు అనబడే స్థలం ఒకటి ఉంటుంది. చాలాచోట్ల అక్కడ తుప్పుపట్టిన ఉయ్యాల, ఎండిన నీటితొట్టె, ముండ్లకంప కనబడతాయి. ప్రారంభోత్సవం నాడు నాటిన మొక్కకు మరునాడు నీరు పోసేవారుండరు. నిధులు లేవని అధికారులంటారు, శ్రద్ధ లేదని జనమంటారు. రెండూ నిజమే కావచ్చు. కాని క్రుంబిగల్ పద్ధతిలో డబ్బుతో కొనలేనివి, డబ్బు లేకున్నా చేయదగినవి కొన్ని ఉన్నాయి. ఏ వీధికి ఏ చెట్టు అని ముందుగా ఒక కాగితం మీద రాసుకోవడం, ఊరిలోనే ఒక చిన్న నారుమడి పెట్టుకోవడం, నాటిన మొక్కను మూడు వేసవులు వదలకుండా కాపాడడం, ఏడాదికొకసారి బడిపిల్లలు, గృహిణులు, రైతులు తాము పెంచినవాటిని తెచ్చి చూపే ఒక పూల పండుగ జరపడం, తరువాత ఆ పని చూసుకోవడానికి ఇద్దరు యువకులకు నేర్పి పెట్టడం. ఇందులో ఏదీ మన ఊరికి మించిన పని కాదు.

ఈసారి బెంగుళూరు వెళ్ళినప్పుడు, లాల్‌బాగ్‌లో ఒక పెద్ద చెట్టు క్రింద పిల్లలతో కూర్చొని చద్దిమూట విప్పినప్పుడు, దానిని నాటిన చేతులను ఒక్క నిమిషం తలచుకోండి. తిరిగి వచ్చిన తరువాత మీ వీధిలో ఒక కానుగ మొక్క నాటండి. ఆ చెట్టు నీడన రేపు కూర్చునేవాడు ఏ భాష మాట్లాడతాడో మనకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.